మూత్రపిండం, గర్భాశయం, వృషణం ఒకే పట్టీ నుంచి: పిండంలో జన్యు నియంత్రణపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో జంతుశాస్త్రం, మానవ జన్యుశాస్త్రం చదివేవాళ్ళు, మెడికల్ కాలేజీలో ఎంబ్రియాలజీ దగ్గర తల పట్టుకునేవాళ్ళు, టిఫా స్కాన్ (గర్భంలో బిడ్డ అవయవాల్ని చూసే స్కాన్) రిపోర్టు చేతిలో పెట్టుకుని కంగారుపడే దంపతులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. రోజుల లెక్క ఇచ్చిన చోటల్లా అది చిట్టెలుకది (దాని గర్భం 19, 20 రోజులే). మనిషి లెక్కయితే వారాల్లో చెప్పాం.

మూత్ర వ్యవస్థనీ జననాంగాల్నీ కలిపి ఒకే పాఠంగా ఎందుకు చెబుతారు? రెండూ వేరు పనులు కదా?

పనులు వేరే, పుట్టిల్లు ఒకటే. వెన్నుకి అటూ ఇటూ ఉండే సన్నటి కణాల పట్టీని మధ్యస్థ మీసోడెర్మ్ అంటారు. మూత్రపిండం, బీజకోశం (అంటే వృషణం లేదా అండాశయం), వాటి నాళాలు అన్నీ అందులోంచే వస్తాయి. మూత్రాశయం మాత్రం క్లోయకా అనే పేగు చివరి గది నుంచి వస్తుంది. బీజకణాలు కూడా బయటి నుంచి పాకుతూ వచ్చి బీజకోశంలో చేరతాయి.

అందుకే ఒక్క జన్యువు చెడితే రెండు వైపులా దెబ్బ తగులుతుంది. డబ్ల్యుటి1 అనే జన్యువు సంగతే చూడండి. చిట్టెలుకలో దాన్ని పూర్తిగా తీసేస్తే మూత్రపిండాలూ రావు, బీజకోశాలూ రావు. మనిషిలో ఇంకా చిత్రమైన సంగతి ఉంది. ఈ ప్రొటీన్ రెండు రకాలుగా తయారవుతుంది. ఒకదానిలో లైసిన్, థ్రియోనిన్, సెరిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు అదనంగా ఉంటాయి, రెండోదానిలో ఉండవు. ఈ రెండింటి పాళ్ళు తప్పితే ఫ్రేజియర్ సిండ్రోమ్ వస్తుంది. ఎక్స్‌వై క్రోమోజోములున్న బిడ్డ ఆడపిల్లగా పుడుతుంది, తర్వాత మూత్రపిండాలు మెల్లగా పాడవుతాయి. జన్యువు పోలేదు, ప్రొటీన్ ఆగలేదు, పాళ్ళు మారాయంతే. ఈ రంగంలో ‘ఏ జన్యువు?’ అని అడిగి ఊరుకుంటే సగమే తెలుస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అని కూడా అడగాలి.

మనకి మూడు జతల మూత్రపిండాలు వస్తాయంటారు. నిజమేనా?

నిజమే. ప్రోనెఫ్రాస్, మీసోనెఫ్రాస్, మెటానెఫ్రాస్ వరసగా వస్తాయి. మొదటిది నామమాత్రం. రెండోది కొన్నాళ్ళు ఉండి కరిగిపోతుంది. దాని నాళమే వుల్ఫియన్ నాళం. మగపిండంలో అది వీర్యవాహికగా మిగులుతుంది. మనం జీవితాంతం మోసేది మూడోది.

మూత్రనాళ మొగ్గ ఎక్కడ మొలవాలో ఎవరు నిర్ణయిస్తారు?

అసలు కథ ఇక్కడే ఉంది. వుల్ఫియన్ నాళం తోకవైపు పాకి 9.5 రోజుకల్లా క్లోయకాని చేరుతుంది. పాక్స్2, పాక్స్8 రెండూ లేకపోతే ఈ నాళం అసలు ఏర్పడదు. 10.5 రోజున నాళం వెనక భాగం నుంచి ఒక మొగ్గ మొలిచి (మూత్రనాళం దీన్నుంచే వస్తుంది) పక్కనున్న మీసెంకైమ్ అనే వదులు కణజాలంలోకి దూరుతుంది. 11.5 రోజుకి అది రెండుగా చీలి ఇంగ్లిషు టీ అక్షరంలా కనిపిస్తుంది.

పిలిచేది మీసెంకైమ్. అది జీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ని వదులుతుంది. నాళం కణాల మీద రెట్ అనే గ్రాహకం, దానికి తోడు జీఎఫ్ఆర్ఏ1 ఉంటాయి. జీడీఎన్ఎఫ్ తగిలిన చోట కణాలు విభజన చెందుతూ బయటికి ఉబుకుతాయి. రెట్ చురుగ్గా ఉన్న కణాలు పక్కవాటిని తోసుకుంటూ ముందుకెళ్ళి మొగ్గ కొన దగ్గర చేరతాయి. కొనలో చోటు కోసం ఒక రకమైన పోటీ అన్నమాట. రెట్ లేని చిట్టెలుకల్ని 1994లో, జీడీఎన్ఎఫ్ లేనివాటిని 1996లో వర్ణించారు. రెండింట్లోనూ ఎక్కువ పిల్లలకి మూత్రపిండాలు లేవు.

జీడీఎన్ఎఫ్‌ని ఆన్ చేసేది ఈవైఏ1, సిక్స్1, పాక్స్2, హాక్స్11 జట్టు. ఆన్ చేస్తే చాలదు, హద్దు కూడా గీయాలి. స్లిట్2–రోబో2 జత, ఫాక్స్‌సీ1 కలిసి జీడీఎన్ఎఫ్‌ని తలవైపు వెళ్ళనివ్వవు. నాళం చుట్టూ ఉన్న బీఎంపీ4 మొగ్గ వేయనివ్వదు. మొగ్గ రావాల్సిన చోట గ్రెమ్లిన్1 ఆ బీఎంపీ4ని అణచిపెడుతుంది. నాళం లోపల స్ప్రౌటీ1 రెట్ సంకేతానికి బ్రేకు వేస్తుంది.

ఆ బ్రేకు తీసేస్తే ఒకే నాళానికి బోలెడు మొగ్గలు మొలుస్తాయి. ఇంకో విశేషం, జీడీఎన్ఎఫ్, స్ప్రౌటీ1 రెండూ లేని చిట్టెలుకల్లో మూత్రపిండాలు ఏర్పడతాయి! యాక్సిలరేటర్ లేదు, బ్రేకూ లేదు, ఎఫ్‌జీఎఫ్10 ఇచ్చే చిన్న తోపుతోనే బండి కదిలింది. జీడీఎన్ఎఫ్ లేకపోతే మూత్రపిండం రాదు అని బట్టీపట్టినవాళ్ళు ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి.

మొగ్గ సరైన చోట మొలవకపోతే ఏమవుతుంది?

మొగ్గ మొలిచిన చోటుని బట్టే మూత్రనాళం మూత్రాశయంలో ఎక్కడ తెరుచుకుంటుందో తేలుతుంది. చోటు తప్పితే ఒక్కోసారి మూత్రం వెనక్కి తన్నుతుంది, ఒక్కోసారి దారి మూసుకుపోతుంది. రెండు మొగ్గలు మొలిస్తే రెండు మూత్రనాళాలు వస్తాయి. మొగ్గే రాకపోతే ఆ వైపు మూత్రపిండం ఉండదు. మొగ్గ వచ్చినా మీసెంకైమ్ మధ్యలోకి కాకుండా అంచుకి తగిలితే మూత్రపిండం చిన్నదిగా, లోపల నిర్మాణం చెదిరి తయారవుతుంది.

నెఫ్రాన్ల సంఖ్య మనిషి మనిషికీ ఎందుకు మారుతుంది?

నెఫ్రాన్ అంటే రక్తాన్ని వడగట్టి మూత్రం చేసే సన్నటి గొట్టం. మనిషికి ఒక్కో మూత్రపిండంలో సగటున పది లక్షలు. కానీ రెండు లక్షలున్నవాళ్ళూ ఉన్నారు, ఇరవై లక్షలు దాటినవాళ్ళూ ఉన్నారు. కారణం ముదలు (పెట్టుబడి)–ఖర్చు లెక్కలో ఉంది.

ప్రతి మొగ్గ కొన చుట్టూ సిక్స్2 ఉన్న కణాలు టోపీలా కప్పుకుని ఉంటాయి. ఇవే ముదలు. మొగ్గ నుంచి వచ్చే వింట్9బీ అనే సంకేత ప్రొటీన్ వీటిలో కొన్నింటిని ‘ఇక నెఫ్రాన్ కండి’ అని తోస్తుంది. ఆ కణాలు వింట్4ని ఆన్ చేసి, గుండ్రటి పొక్కులా మారి, కామా ఆకారం, ఎస్ ఆకారం దాటి నెఫ్రాన్ అవుతాయి. సిక్స్2 మిగతా కణాల్ని ముదలుగానే ఆపి ఉంచుతుంది. సిక్స్2 లేకపోతే కణాలన్నీ మొదట్లోనే ఒక్కసారిగా నెఫ్రాన్లయిపోతాయి. ముదలు అయిపోయింది, వ్యాపారం మూతపడింది. చిన్న మూత్రపిండం, వేళ్ళ మీద లెక్కపెట్టే నెఫ్రాన్లు.

జీడీఎన్ఎఫ్ రెండు ప్రతుల్లో ఒకటి పోయిన చిట్టెలుకలు పైకి మామూలుగానే కనిపిస్తాయి గానీ నెఫ్రాన్లు సుమారు 30 శాతం తక్కువ.

మనిషిలో కొత్త నెఫ్రాన్లు 36వ వారం దగ్గర ఆగిపోతాయి. వాటిలో సుమారు 60 శాతం చివరి మూడు నెలల్లోనే తయారవుతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బీపీ మీద పెద్దయ్యాక కూడా కన్నేసి ఉంచమనేది అందుకే.

ఇదంతా పుస్తకంలో బొమ్మలే. కళ్ళతో చూడగలిగేది ఏదైనా ఉందా?

ఉంది, పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది. ఒక మేక కిడ్నీ కొనండి, కోయకుండా ఇమ్మనండి. పైన పల్చటి పొర ఉంటుంది, గోటితో లాగితే ఊడి వస్తుంది. పొడవునా, లోపలికి వంగిన వైపు దాకా ఒకే కోతలో రెండు చెక్కలు చేయండి. చుట్టూ ముదురు గోధుమ ఎరుపు అంచు, దాని లోపల చారలు చారలుగా లేత రంగు భాగం, మధ్యలో తెల్లటి గిన్నె లాంటి ఖాళీ, చుట్టూ కొవ్వు కనిపిస్తాయి. చారలన్నీ ఆ గిన్నె వైపే వాలి ఉంటాయి.

ఆ గిన్నె, అందులోంచి బయటికొచ్చే గొట్టం, చారల్లోని సేకరణ నాళాలు మొగ్గ కొమ్మలు. వెలుపలి అంచులో ఉన్న గ్లామెరులస్‌లు (రక్తం వడగట్టే సన్నటి రక్తనాళాల ఉండలు), మెలికల గొట్టాలు సిక్స్2 టోపీ సంతానం. రెండు వేరు కణజాలాలు పిండంలో ఒకదాన్నొకటి పిలుచుకుని అతుక్కున్న గుర్తు ఆ చెక్క మీద అలాగే ఉంది. గేదె కిడ్నీ పైకే ముద్దలు ముద్దలుగా ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ కిడ్నీ కూడా కొంచెం అలాగే ఉండి, తర్వాత నునుపు తేలుతుంది.

ఎస్ఆర్‌వై ఉంటే మగ, లేకపోతే ఆడ. ఇంతేనా?

1990లో వై క్రోమోజోము మీద ఉండే ఎస్ఆర్‌వైని గుర్తించారు. 1991లో ఎక్స్‌ఎక్స్ చిట్టెలుక పిండంలోకి ఆ జన్యువున్న డీఎన్ఏ ముక్క ఎక్కిస్తే వృషణాలు వచ్చాయి. అంతవరకూ సరే. కానీ ఎస్ఆర్‌వై పని చేసేది చిటికెడు సేపే. 10.5 రోజు దగ్గర మొదలై, 11.5 దగ్గర ఉచ్ఛస్థితికి వెళ్ళి, 12.5 కల్లా ఆరిపోతుంది. 11.0 నుంచి 11.25 దాకా, అంటే సుమారు ఆరు గంటల కిటికీలో అది పని మొదలుపెట్టకపోతే, తర్వాత ఎంత వచ్చినా వృషణం కుదరదు.

ఆ కిటికీలో అది చేసే ముఖ్యమైన పని సాక్స్9ని లేపడం. సాక్స్9 ఒకసారి లేచాక ఎఫ్‌జీఎఫ్9 సాయంతో తనని తానే నిలబెట్టుకుంటుంది. ఎదురుగా ఆర్‌స్పాండిన్1, వింట్4 అండాశయం వైపు లాగుతుంటాయి. ఒక పక్క గెలిస్తే రెండో పక్క అణగుతుంది.

సాక్స్9ని లేపే స్విచ్ జన్యువు పక్కన లేదు, 565 కిలోబేసుల (5,65,000 డీఎన్ఏ అక్షరాల) దూరంలో ఉంది. 557 బేసుల ఆ ముక్క పేరు ఎన్‌హాన్సర్13. 2018లో ఆ ఒక్క ముక్క కోస్తే ఎక్స్‌వై చిట్టెలుకలకి అండాశయాలు వచ్చాయి. ఎస్ఆర్‌వై చెక్కుచెదరలేదు, సాక్స్9 జన్యువులో ఒక్క అక్షరం మారలేదు. జన్యువుల ప్రొటీన్ భాగాల్ని మాత్రమే చదివే ఎక్సోమ్ పరీక్ష ఇలాంటి మార్పుని పట్టుకోలేదు.

మరి ఆడపిండం ఏ ఆదేశమూ లేకుండా దానంతటదే తయారవుతుందా?

ఈ మాట చాలా పుస్తకాల్లో ఉంది. 1947లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాల మీద చేసిన ప్రయోగాల తర్వాత స్థిరపడింది. బీజకోశాలు తీసేస్తే మగపిండాలు కూడా ఆడ నాళాలతో పెరిగాయి. ప్రయోగం గట్టిదే, దాని మీద కట్టిన మాటే వదులు. ఆడపిండంలో వుల్ఫియన్ నాళం టెస్టోస్టెరాన్ అందక తనంతట తాను కరుగుతుందని అనుకునేవారు. 2017లో తేలిందేమిటంటే, దాన్ని కరిగించడానికి చుట్టూ ఉన్న మీసెంకైమ్‌లో కూప్-టీఎఫ్2 అనే ప్రొటీన్ పనిగట్టుకుని పూనుకోవాలి. అది లేని ఆడ పిండాల్లో ఆండ్రోజన్ లేకుండానే వుల్ఫియన్ నాళం మిగిలిపోయింది. పెద్దయ్యాక కూడా అంతే. ఎదిగిన ఆడ చిట్టెలుకలో ఫాక్స్‌ఎల్2 తీసేస్తే అండాశయం కణాలు వృషణం కణాల్లా మారిపోతాయి. ‘దానంతటదే’ అనే మాట ఇక వాడకపోతేనే మంచిది.

మగబిడ్డకి హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే లోపల గర్భాశయం కనిపించిందట. ఎలా?

వృషణంలోని సెర్టోలి కణాలు ఏఎంహెచ్ అనే హార్మోన్ వదిలి ముల్లేరియన్ నాళాన్ని కరిగించాలి. మనిషిలో ఇది ఎనిమిదో వారం దగ్గర మొదలవుతుంది. ఏఎంహెచ్ గానీ దాని గ్రాహకం ఏఎంహెచ్ఆర్2 గానీ చెడితే నాళం మిగిలి గర్భాశయంగా ఎదుగుతుంది. టెస్టోస్టెరాన్ వేరే కణాల నుంచి వస్తుంది కాబట్టి బయటి అవయవాలు మగబిడ్డవిగానే ఉంటాయి.

మా పాపకి ఒకే కిడ్నీ ఉంది. గర్భాశయం కూడా స్కాన్ చేయాలన్నారు. సంబంధం ఏమిటి?

చేయమన్నవాళ్ళకి పిండశాస్త్రం బాగా తెలుసు. ముల్లేరియన్ నాళం 11.5 రోజున మొదలై, వుల్ఫియన్ నాళాన్ని ఆనుకుని దాని వెంటే తోకవైపు పాకుతుంది. మన పోర్టులోకి పెద్ద ఓడ వచ్చేటప్పుడు దారి తెలిసిన పైలట్ వెంట ఉన్నట్టు. వుల్ఫియన్ నాళం వదిలే వింట్9బీ కూడా దీనికి కావాలి. ఇప్పుడు ఒక వైపు వుల్ఫియన్ నాళం మధ్యలో ఆగిపోయిందనుకోండి. ఆ వైపు మొగ్గ రాదు, కిడ్నీ ఉండదు. పైలట్ లేని ముల్లేరియన్ నాళం కూడా అక్కడే ఆగుతుంది లేదా పక్కదారి పడుతుంది. గర్భాశయం సగమే ఏర్పడటం, యోనిలో ఒక వైపు మూసుకుపోవడం ఇలాగే వస్తాయి.

మూసుకుపోయిన సంగతి రజస్వల అయ్యేదాకా తెలియదు. అయ్యాక నెలనెలా రక్తం లోపలే పేరుకుని తట్టుకోలేని కడుపునొప్పి వస్తుంది. అపెండిక్స్ అనుకుని పొరబడటం మామూలే. ముందే తెలిస్తే ఈ తిప్పలుండవు. అబ్బాయిల్లో ఇదే లోపం ఉంటే ఆ వైపు వీర్యవాహిక ఉండకపోవచ్చు.

హాక్స్ జన్యువుల పాత్ర?

ముల్లేరియన్ నాళం పొడవునా చిరునామాలు రాస్తాయి. హాక్స్ఏ9 అండవాహిక, ఏ10 గర్భాశయం, ఏ11 గర్భాశయం కింది భాగం, ముఖద్వారం, ఏ13 యోని పైభాగం. ఏ13 చెడితే చేతులు, పాదాలు, జననాంగాలు మూడింటిలోనూ లోపాలు వస్తాయి.

ల్యాబులో పిండాల వయసు ఎలా లెక్కపెట్టాలి?

సాయంత్రం జత కలిపి, మర్నాడు పొద్దున్నే ప్లగ్ (జత కలిసిన గుర్తుగా ఆడ చిట్టెలుక యోనిలో ఏర్పడే గడ్డ) చూడండి. మధ్యాహ్నం దాకా ఆగితే రాలిపోతుంది. ప్లగ్ కనిపించిన రోజు మధ్యాహ్నం 0.5. ఇది మొదటి అంచనా మాత్రమే. ఒకే తల్లి పిండాల్లో కూడా సగం రోజు తేడా ఉంటుంది. ఎస్ఆర్‌వై కిటికీ ఆరు గంటలదని చెప్పుకున్నాం కదా, సగం రోజు తేడా అంటే ప్రయోగం మొత్తం పోయినట్టే. బీజకోశాల పనికి వెనక కాళ్ళ మొగ్గల తర్వాత తోకలో సోమైట్‌లు (వెన్ను పొడవునా వరసగా ఉండే కణాల దిమ్మలు) లెక్కపెట్టండి. 8 ఉంటే సుమారు 10.5 రోజు, 18 ఉంటే 11.5, 30 ఉంటే 12.5. స్థిరీకరణకి (రసాయనంతో కణజాలాన్ని పాడవకుండా ఉంచడానికి) ముందే, చల్లటి పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో లెక్కపెట్టి రాసుకోండి.

పీసీఆర్‌లో ఆడ పిండాలే ఎక్కువ వస్తున్నాయి. ఎందుకు?

ఎస్ఆర్‌వై ఒక్కదానికే ప్రైమర్లు (పీసీఆర్‌లో ఏ డీఎన్ఏ ముక్కకి ప్రతులు తీయాలో గుర్తుపట్టే చిన్న ముక్కలు) వేస్తున్నారేమో చూడండి. బ్యాండు రాకపోతే అది ఆడైనా కావచ్చు, పీసీఆర్ ఫెయిలైనా కావచ్చు. అదే ట్యూబులో ఆటోసోమల్ జన్యువొకటి కంట్రోలుగా పెట్టండి, లేదా ఎక్స్, వై రెండింటి మీదా వేరువేరు సైజుల్లో వచ్చే కేడీఎం5సీ/కేడీఎం5డీ ప్రైమర్లు వాడండి. జన్యురకం చూసేటప్పుడు తప్పు ఇంకో దిక్కు నుంచి వస్తుంది. యోక్ శాక్‌కి తల్లి కణజాలం అంటుకుంటే నాకౌట్ పిండం (జన్యువు రెండు ప్రతులూ తీసేసినది) హెటిరోజైగస్‌లా (ఒక ప్రతే పోయినట్టు) కనిపిస్తుంది. మూడుసార్లు పీబీఎస్‌లో కడగండి, ఒక్కో పిండానికి ఫోర్సెప్స్ తుడవండి.

డీఎన్ఏ ముక్కల్ని 70 శాతం ఇథనాల్‌లో, కణజాలాన్ని పారఫిన్ బ్లాకుల్లో పెట్టుకోవడం మన ఊళ్ళో అదనపు జాగ్రత్త. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు రోజుల తరబడి లేదు. ఫ్రీజర్‌ని నమ్ముకున్నది కరుగుతుంది, బ్లాకు కరగదు.

మూత్రపిండం కల్చర్‌లో మొగ్గ కొమ్మలు వేయడం లేదు. ఏం తప్పు?

ముందు వయసు చూడండి. 11.5 రోజు, టీ ఆకారం ఉన్నప్పుడు తీసినవి బాగా పెరుగుతాయి. 10.5కి తీస్తే బయటి నుంచి జీడీఎన్ఎఫ్ ఇవ్వకుండా మొగ్గ రావడం కష్టం. 13 దాటితే ముక్క మందమై మధ్యలో కణాలు చస్తాయి.

రెండోది ద్రవం మట్టం. 0.4 మైక్రాన్ రంధ్రాల మెంబ్రేన్ మీద మూత్రపిండాన్ని ఉంచి, కింద మాత్రమే మీడియం పోయాలి. 24 మిల్లీమీటర్ల ఇన్సర్ట్‌కి సుమారు 1.5 మిల్లీలీటర్లు. మెంబ్రేన్‌ని కింద నుంచి తాకాలి, పైకి ఎక్కకూడదు. ఎక్కితే ముక్క తేలి, గుండ్రంగా ముడుచుకుని కొమ్మలు వేయదు. తక్కువైతే ఎండుతుంది. డీఎంఈఎం/ఎఫ్12లో 10 శాతం సీరం, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, రెండ్రోజులకోసారి మార్పు. మొగ్గని సూదితో గీరేసినా అంతే సంగతులు, సిరంజి సూదులు రెండింటిని కత్తెరలా వాడి చుట్టూ కోయండి, లాగకండి.

జీడీఎన్ఎఫ్ మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు చాలు. ఎక్కువైతే కొనలు బెలూన్లలా ఉబ్బి కొమ్మల లెక్క తప్పుతుంది.

నాకౌట్ చేశాం, ఏమీ తేడా లేదు. జన్యువుకి పని లేనట్టేనా?

తొందరపడకండి. హాక్స్ఏ11 లేదా హాక్స్‌డీ11 ఒక్కటే పోతే మూత్రపిండం దాదాపు మామూలే. రెండూ పోతే చిన్నదవుతుంది. సీ11 కూడా పోతే అసలు రాదు. అన్నదమ్ముల్లో ఒకరు లేకపోతే ఇంకొకరు బరువు మోస్తున్నారన్నమాట. ఎలుక వంశం కూడా చూసుకోండి. పోస్కియావినస్ చిట్టెలుకల వై క్రోమోజోము సీ57బీఎల్/6 వంశంలోకి వస్తే అండాశయాలు వస్తాయి, వేరే వంశాల్లో మామూలు మగపిల్లలే పుడతాయి.

మేనరికం వల్ల ఈ లోపాలు వస్తాయా?

కొన్నే. బావామరదళ్ళ పిల్లల్లో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామ–మేనకోడలి పిల్లల్లో 8లో 1. కాబట్టి రెండు ప్రతులూ చెడితేనే వచ్చే ఏఎంహెచ్, ఏఎంహెచ్ఆర్2, ఎస్ఆర్‌డీ5ఏ2, ఫ్రాస్1, ఐటీజీఏ8 లోపాలకి మేనరికం దారిస్తుంది. పాక్స్2, ఈవైఏ1, హెచ్ఎన్ఎఫ్1బీ లోపాలకి ఒక్క ప్రతి చెడితే చాలు, వాటికీ మేనరికానికీ సంబంధం లేదు. ‘మేనరికం వల్లే’ అని పెద్దలని నిందించేముందు ఏ జన్యువో తెలియాలి.

టిఫా స్కాన్‌లో ‘కిడ్నీలో నీరు’ అన్నారు. భయపడాలా?

అంకె అడగండి. కిడ్నీ గిన్నె ముందు–వెనక కొలత 16 నుంచి 27 వారాల్లో 4 మిల్లీమీటర్లలోపు, 28 వారాల నుంచి 7 లోపు ఉంటే మామూలే. కొంచెం ఎక్కువున్నవి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. ఉమ్మనీరు తగ్గిందా అన్నది ఇంకా ముఖ్యం. 16 వారాల తర్వాత ఉమ్మనీరు ఎక్కువగా బిడ్డ మూత్రమే, అది లేకపోతే ఊపిరితిత్తులు కూడా ఎదగవు. పుట్టాక స్కాన్ 48 గంటలు దాటాక చేయించండి. మొదటి రెండ్రోజులు బిడ్డ ఒంట్లో నీరు తక్కువ, వాపు ఉన్నా కనిపించకపోవచ్చు. రెండు వైపులా ఎక్కువ వాపున్నా, మగబిడ్డ మూత్రాశయం ఉబ్బి ఉన్నా మాత్రం ఆగకూడదు.

గర్భంతో ఉండి బీపీ మాత్రలు వాడేవారు ఎనలాప్రిల్, లోసార్టాన్ కోవకి చెందినవేమో డాక్టరుని అడగాలి. అవి పిండం మూత్రపిండాలకి హాని చేస్తాయి.

జన్యు పరీక్షలో ఏమీ రాలేదు. ఇక అయిపోయినట్టేనా?

కాపీ సంఖ్య చూశారా అని అడగండి. మూత్రపిండంలో తిత్తులకి తరచుగా దొరికే కారణం హెచ్ఎన్ఎఫ్1బీ. వాళ్ళలో సుమారు సగం మందికి జన్యువు మొత్తం, 17వ క్రోమోజోము ముక్కతో సహా ఎగిరిపోయి ఉంటుంది. అక్షర దోషాలు మాత్రమే వెతికే రిపోర్టులో అది కనపడదు. కాపీల సంఖ్య చూసే మైక్రోఅర్రే గానీ ఎంఎల్‌పీఏ గానీ కావాలి. తల్లిదండ్రులకి లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు కూడా కావచ్చు. హెచ్ఎన్ఎఫ్1బీ తేలితే షుగర్ మీద కూడా కన్నేయాలి. పాక్స్2 అయితే కంటి నరం చూపించుకోవాలి, ఈవైఏ1 అయితే వినికిడి.

ఇన్ని తెలిశాక, పుట్టబోయేది ఆడో మగో చెప్పించుకోవచ్చా?

కుదరదు. 1994 నాటి చట్టం ప్రకారం పిండం లింగం చెప్పడమూ నేరమే, అడగడమూ నేరమే. వంశంలో ఎక్స్ క్రోమోజోముతో వచ్చే జబ్బున్నవాళ్ళు రిజిస్టరైన జన్యు సలహా కేంద్రానికి వెళ్ళాలి, అక్కడ పరీక్ష జబ్బు కోసం చేస్తారు.